బొంరాస్‌పేట నుంచి యూరప్.. మొదటిసారి ఏ ఊరు?

"అన్నా, దసరా అయినంక యూరప్ పోదామనుకుంటున్న. తొమ్మిది రోజులు. ఏ సిటీ అయితే మంచిగుంటది?"

మా బాబాయి కూతురు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది. దాని కిందనే ఒక లిస్టు కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్, పారిస్, జ్యూరిక్, వెనిస్, రోమ్. "ఒక్క సిటీ అడిగి అయిదు రాసినవేందే?" అన్నాను. "మళ్ల పోతనో పోనో అన్నా! పోయినప్పుడే అన్నీ చూసి రావాలె గదా" అంది.

మొదటిసారి దేశం దాటేవాళ్లందరి మనసులో ఉండే భయమే ఇది. మళ్లీ రాలేమేమో అన్న భయం. ఆ భయంతోనే ఏడు రోజుల్లో అయిదు దేశాల ప్యాకేజీలు అమ్ముడుపోతాయి. ఈ వారం దీని గురించే మాట్లాడుకుందాం.

పని లేకుండా పోవుడేంది?

మాది వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేట. పరిగికి, కొడంగల్‌కు నడిమిట్ల ఉంటుంది. మా దిక్కు ఊరు దాటడం అంటే ఒకప్పుడు ఒకటే అర్థం, వలస. వానలు మొఖం చాటేస్తేనో, కందులు కోసి ఇంట్లో వేసినంక చేతిల పని లేకపోతేనో, మూట కట్టుకొని ముంబైకో పుణెకో బస్సెక్కుడే. ఇండ్లకు తాళాలు పడి ముసలోళ్లు మాత్రమే మిగిలిన తండాలు మా పెద్దోళ్లకు ఇంకా యాదికున్నాయి. మా బాబాయి కూడా అట్లనే పుణె పోయిండు. మొదట ఇసుక మోసిండు, సెంట్రింగ్ పని చేసిండు, చివరికి బండలు పరిచే మేస్త్రీ అయ్యిండు. ఆ సంపాదనతోనే బిడ్డను ఇంజినీరింగ్ చదివించిండు. ఆమెకిప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం.

అందుకే చెల్లె "యూరప్ పోతున్న" అనగానే బాబాయి అడిగిన మొదటి మాట "ఏ కంపెనీలనే?" అని. కంపెనీ పని కాదు నాయినా, చూసి రానీకి అంటే ఆయనకు సమజ్ కాలేదు. "లచ్చా ఎనభై వేలు పెట్టి ఉత్తగనే చూసొస్తవా? గా పైసలతోని బోరు పడతది గదనే!" అన్నాడు. అందులో కోపం లేదు. ఆయన లెక్క ఆయనది. ఆయన ఎప్పుడు ఊరు దాటినా ఏదో ఒకటి చేతిల పట్టుకొనే వచ్చిండు. ఒకసారి పైసలు, ఒకసారి పనితనం.

నాకైతే ఆ మాటలో న్యాయం కనిపించింది. ఏ సిటీ ఫేమస్ అని వెతికితే ఫోన్ వంద చూపిస్తుంది. ఏ ఊరికి పోతే నేను ఏదైనా పట్టుకొని రాగలను అన్న ప్రశ్నకు మాత్రం జవాబు మనమే వెతుక్కోవాలి.

ముందు రోజులు లెక్కపెట్టండి

తొమ్మిది రోజులంటే శనివారం నుంచి వచ్చే వారం ఆదివారం దాకా. ఆఫీసులో పెట్టాల్సిన లీవులు అయిదే. వినడానికి చాలా రోజులున్నట్టే ఉంటుంది. ఇప్పుడు తీసేద్దాం.

బొంరాస్‌పేట నుంచి శంషాబాద్‌కే రెండు గంటల పైన దారి. విమానానికి మూడు గంటల ముందు ఉండాలి. మధ్యలో ఒకచోట దిగి మారాలి. కాబట్టి మొదటి శనివారం మొత్తం ప్రయాణానికే. తిరుగు ప్రయాణం శనివారం మొదలుపెడితే ఇంట్లో కాలు పెట్టేది ఆదివారం. మిగిలినవి నడుమ ఉన్న ఆరు రోజులే.

ఆ ఆరు రోజుల్లో అయిదు ఊర్లు చూడాలంటే నాలుగుసార్లు ఊరు మారాలి. ఊరు మారిన ప్రతిసారీ సామాన్లు సర్దుడు, రూమ్ ఖాళీ చేసుడు, స్టేషన్‌కు ఉరుకుడు, కొత్త ఊర్లో హోటల్ వెతుకుడు, రూమ్ ఇచ్చేదాకా బ్యాగులు పట్టుకొని కూసునుడు. తక్కువలో తక్కువ సగం రోజు పోతుంది. నాలుగు సగాలంటే రెండు రోజులు. మిగిలిన నాలుగు రోజుల్లో అయిదు ఊర్లు! ఊరికి ఒక్క రోజు కూడా రాదు. ఇంటికొచ్చినంక పారిస్‌లో ఏం చూసినవంటే "స్టేషన్ పెద్దగుంది" అని చెప్పాల్సి వస్తుంది.

ఇంకోటి, మన ఒంటికి టైమ్ మారుతుంది. ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీలాంటి దేశాలకంటే మనం వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటాం. మొదటి రెండు రోజులు అక్కడ సాయంత్రం ఏడు కాకముందే కండ్లు మూతలు పడతాయి. అట్లాంటప్పుడు ఉరుకులాట ఎందుకు?

నా లెక్క సింపుల్. ఆరు పూర్తి రోజులుంటే ఒక్క ఊరు. మరీ ఆశగా ఉంటే అదే ఊర్లో రూమ్ ఉంచుకొని ఒక రోజు పొద్దున రైలెక్కి పక్క ఊరు చూసి రాత్రికి వచ్చేయండి. సామాన్లు కదలొద్దు, మీరు కదలాలి.

వీసా సంగతి

"ఒక్క వీసాతో అన్ని దేశాలు తిరగొచ్చు గదన్నా, మరి ఒక్కటే చూస్తే లాస్ కదా?" అని చెల్లె అడిగింది. నిజమే, షెంజెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. రొమేనియా, బల్గేరియా కూడా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా ఇందులో చేరాయి. బ్రిటన్, ఐర్లాండ్‌లకు మాత్రం వీసా వేరే. కానీ ఒక దేశం చూసినా పది దేశాలు చూసినా ఫీజు అంతే. పెద్దవాళ్లకు 90 యూరోలు. సర్వీస్ ఛార్జీ అదనం. బఫేలో ఇరవై రకాలున్నాయని అన్నీ వడ్డించుకుంటే ఏ రుచీ గుర్తుండదు. ఇదీ అంతే.

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అప్లై చేయాలి. వీసా ఫలానా దేశం తొందరగా ఇస్తుందట అని అక్కడ పెట్టి, ఇంకో దేశంలో తిరిగే ఆలోచన వద్దు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. ఆఖరు గడువు 15 రోజులే అయినా అంతదాకా ఆగొద్దు. ఫైల్ చూడటానికి మామూలుగా 15 రోజులు పడుతుంది. ఒక్కోసారి 45 రోజుల దాకా పోవచ్చు. దసరా తర్వాత ప్రయాణమైతే జులైలోనే పని మొదలుపెట్టండి.

కాగితాల్లో మనవాళ్లు తప్పకుండా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు గడువు అక్కడి నుంచి బయల్దేరే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు తీసుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం నెలనెలా పడుతున్నట్టు కనిపించాలి. అప్లై చేసే ముందు రోజు దోస్తు దగ్గర రెండు లక్షలు తెచ్చి వేస్తే అది స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కంపెనీ నుంచి లీవ్ లెటర్ ముఖ్యం. మీరు తిరిగొస్తారని నమ్మకం కలిగించే కాగితం అదే.

మన పల్లెల్లో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. లేదంటే ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎట్లుందో టికెట్‌లో, వీసా ఫారంలో, ఇన్సూరెన్స్‌లో అచ్చం అట్లనే ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే టికెట్ కొనే ముందే విమాన కంపెనీని అడిగి నింపండి.

వీసా రాకపోతే ఫీజు వెనక్కి రాదు. అందుకని రద్దు చేసుకోగలిగే హోటల్ బుకింగ్‌లే పెట్టుకోండి. ఒక్క ఊరి ప్లాన్‌కు ఇక్కడ కూడా లాభముంది. ఒక హోటల్, ఒక టికెట్, ఒక ఉత్తరం. కౌంటర్లో ఎవరు ఏం అడిగినా మీ జవాబు తడబడదు.

ఏ ఊరు ఎవరికి?

అందరికీ ఒకటే ఊరు చెప్పలేం. మీ కన్ను దేని మీద పడుతుందో మీకే తెలియాలి.

బొమ్మలు వేయడం ఇష్టమైతే ఆమ్‌స్టర్‌డామ్. వాన్ గో మ్యూజియం, రెంబ్రాంట్ చిత్రాలున్న రిజ్క్స్ మ్యూజియం నడిచిపోయేంత దగ్గర. 2025 సెప్టెంబర్ నుంచి కేఎల్ఎం విమానం హైదరాబాద్ నుంచి నేరుగా ఉంది. కాకపోతే రూమ్‌లు ఖరీదు, వాటిమీద 12.5 శాతం టూరిస్టు పన్ను వేరే.

నీళ్లు, వంతెనలు, వేడినీటి స్నానాలు కావాలంటే బుడాపెస్ట్. డాన్యూబ్ నదికి ఒక పక్క బుడా, ఇంకో పక్క పెస్ట్. అక్కడి మొదటి మెట్రో లైన్ 1896 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌తో పోలిస్తే ఖర్చు తక్కువ. డబ్బు యూరో కాదు, ఫోరింట్.

పాతకాలం వీధుల్లో నడుచుకుంటూ పోవడమే మీ సరదా అయితే ప్రాగ్. 1357లో పని మొదలైన చార్లెస్ వంతెన మీద పొద్దున్నే ఆరింటికి నడిచి చూడండి. అక్కడ డబ్బు కొరునా.

'ఇద్దరమ్మాయిలతో' చూసినప్పటి నుంచి కల కంటున్నవాళ్లకు బార్సిలోనా. 1882లో మొదలుపెట్టిన సగ్రదా ఫమీలియా చర్చి కోసమైనా పోవచ్చు. సముద్రం కూడా ఊరిలోనే.

ఇక పారిస్. ఐఫిల్ టవర్ దగ్గర 2024 నుంచి యూపీఐతో టికెట్ కొనొచ్చు. లూవ్ర్ మ్యూజియంకు మంగళవారం సెలవు. పారిస్‌కు మన హైదరాబాద్‌తో ఒక పాత లెక్క కూడా ఉంది. నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ పర్యటనకు పోయి, పారిస్ హోటల్ మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఉరుకులాటకు దివాన్ అయినా ఒకటే, మనమైనా ఒకటే!

మా చెల్లెకు రోమ్ ఎందుకంటే..

అదే పర్యటనలో సాలార్‌జంగ్ రోమ్ నుంచి ఒక పాలరాతి శిల్పం కొన్నాడు. ముఖం మీద పల్చటి ముసుగు కప్పుకున్న అమ్మాయి. రాయిని గుడ్డలాగ చెక్కిన ఆ శిల్పి పేరు బెంజోని. స్కూల్లో ఉన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియానికి టూర్ పోయినవాళ్లందరూ ఆ ముసుగు రెబెకా ముందు నిలబడే ఉంటారు. చెల్లె కూడా నిలబడింది. "అది రోమ్ నుంచి వచ్చిందా?" అని అడిగింది. అక్కడి నుంచి మాట రాళ్ల మీదికి మళ్లింది.

మా ప్రాంతం రాయి ప్రాంతం. తాండూరు బండ అంటే రాష్ట్రం మొత్తం తెలుసు. మా ఇండ్లల్లో అరుగులు, వాకిళ్లు, వంటింటి గట్లు అన్నీ ఆ నాపరాయే. అది సున్నపురాయి జాతి. రోమ్‌లో కొలోసియం కట్టింది కూడా సున్నపురాయి జాతికే చెందిన ట్రావర్టీన్‌తో. ఊరి పక్కన టివోలి గనుల నుంచి తెచ్చారు. క్రీస్తు శకం 80లో ప్రారంభమైంది. రోమ్ వీధుల్లో కాళ్ల కింద ఉండేది మాత్రం నల్లటి అగ్నిశిల, చిన్నచిన్న గడ్డలుగా కొట్టి పరిచింది.

బాబాయి ఈ ముచ్చటంతా పక్కన కూసొని వింటున్నాడు. నేను ఫోన్లో పాంథియాన్ చూపించాను. దాదాపు 1900 ఏండ్ల కింద, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో కట్టిన గుడి. పైన గుమ్మటం అడ్డంగా 43 మీటర్ల పైన ఉంటుంది. మొత్తం కాంక్రీటు. నడిమిట్ల పెద్ద రంధ్రం, వాన పడితే నీళ్లు లోపలికే పడతాయి, కింద బండల్లో ఉన్న చిన్న తూముల్లోంచి పోతాయి.

"సలాక ఎంత ఏసిన్రు?" అని అడిగాడు బాబాయి.

"సలాకే లేదు."

"సలాక లేకుంట స్లాబ్ నిలవడుతదా?"

నిలబడింది. సలాక వేయకుండా పోసిన కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దది. కింద గోడల్లో బరువైన రాయి కలిపిన కాంక్రీటు, పైకి పోయేకొద్దీ తేలికైన రాయి, అంచున అగ్నిపర్వతపు నురుగురాయి. మందం కూడా పైకి పోయేకొద్దీ తగ్గించారు. బాబాయి ఫోన్ చేతిలోకి తీసుకొని బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. తర్వాత బిడ్డతో అన్నాడు, "నువ్వు పోతే గా రంధ్రం కింద నీళ్లు పోయే బండ వాటం ఎట్లిచ్చిన్రో ఫోటో తీస్కరా. మనోళ్లు బాత్రూమ్‌లకే వాటం సరిగ ఇస్తలేరు."

బోరు మాట మళ్లీ ఎత్తలేదు. చెల్లె లిస్టులో మిగిలిన నాలుగు పేర్లు ఆ రాత్రే పోయాయి.

ఊరును ఎంచుకోవడం అంటే నాకు తెలిసింది ఇదే. రోమ్ గొప్పది కాబట్టి కాదు. ఆ ఇంట్లో రాయిని చూసే కన్ను ఉంది. ఆ కన్నుకు రోమ్‌లో ఆరు రోజులు కూడా సరిపోవు. మీ ఇంట్లో మగ్గం ఉండొచ్చు, వంట ఉండొచ్చు, ఫుట్‌బాల్ పిచ్చి ఉండొచ్చు. ఆ పిచ్చికి తగిన ఊరు వెతకండి.

రోమ్ లెక్క, కొన్ని జాగ్రత్తలు

యూరోకు 105 రూపాయలు వేసుకొని మేం రాసుకున్న లెక్క ఇది. విమానం 65 వేలు. వీసా, ఇన్సూరెన్స్ కలిపి 14 వేలు. రోజుకు 90 యూరోల రూమ్, దోస్తుతో సగం సగం, ఏడు రాత్రులకు 33 వేలు. తిండికి, బస్సులకు రోజుకు 40 యూరోల చొప్పున ఏడు రోజులకు 29 వేలు. టికెట్లకు, ఒక రోజు ఫ్లోరెన్స్ రైలుకు 15 వేలు. మొత్తం 1,56,000. లక్షా ఎనభైలో మిగిలిన 24 వేలు ముట్టుకోకుండా ఉంచాలి. హోటల్‌లో తలకు, రాత్రికి ఇంత అని ఊరి పన్ను వేరే కట్టించుకుంటారు. అది కూడా ఈ 24 వేలలోంచే పోతుంది.

రోమ్‌కు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. గల్ఫ్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో పోవాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగితే ఇమ్మిగ్రేషన్ అక్కడే. 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది కాబట్టి క్యూ పెద్దగుండొచ్చు. విమానం మారడానికి కనీసం మూడు గంటలు ఉండేట్టు చూసుకోండి. రోమ్ ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్టు నుంచి ఊర్లోకి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాలు, 14 యూరోలు.

కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, పాస్‌పోర్టు చూపించాలి. ముందే ఆన్‌లైన్‌లో కొనండి. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటుంది. సెయింట్ పీటర్స్ చర్చిలోకి టికెట్ లేదు కానీ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. నీళ్ల సీసాలు కొనకండి. వీధుల్లో వేల కొద్దీ నల్లాలున్నాయి, చల్లటి మంచినీళ్లు, ఫ్రీ. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూసుంటే ఇంకో రేటు. టెర్మినీ స్టేషన్ చుట్టుపక్కల, కిక్కిరిసిన బస్సుల్లో ఫోన్ వెనక జేబులో పెట్టొద్దు. అన్నం మీద మనసు పోతే అదే స్టేషన్ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్‌కు పోండి. బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి.

అమ్మలకు ఒక మాట. యూరప్‌లోకి పాలతో, మాంసంతో చేసినవి తీసుకుపోనివ్వరు. నెయ్యి, కోవా, మటన్ పచ్చడి సంచిలో పెట్టకండి. తాండూరు కందిపప్పుతో కొట్టిన పొడి పెట్టండి, అది పోతుంది.

అక్టోబర్ చివరి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. ఆ రోజు మీ రైలో విమానమో ఉంటే టైమ్ రెండుసార్లు చూసుకోండి.

ఇక మీ వంతు. ఈ ఆదివారం ఒక కాగితం తీసుకోండి. పైన మీ పూర్తి రోజులు ఎన్నో రాయండి. కింద, మీరు గంటల కొద్దీ విసుగు లేకుండా చూడగలిగేది ఏదో ఒక్క మాటలో రాయండి. రాయి, రంగు, నది, ఆట, తిండి, ఏదైనా సరే. ఆ ఒక్క మాటను పట్టుకొని ఊరి కోసం వెతకండి. ఇంట్లో పెద్దోళ్లను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు తట్టని ఊరు వాళ్ల పనిలోంచి దొరకొచ్చు.